పదిహేను బంతుల బిగువు

విమలమ్మకు పూల్ ఆట రాదు. ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్నా ఎవరు ఎందుకు గెలిచారో ఆమెకు సగమే తెలిసేది. కానీ పదిహేను బంతులను త్రికోణంలో పేర్చి, సందు లేకుండా బిగించి, త్రికోణాన్ని పైకి తీసేయడంలో మాత్రం నయీంనగర్ మొత్తంలో ఆమెను మించినవాళ్లు లేరని ఆడేవాళ్లే అనేవాళ్లు. నయీంనగర్‌లో ఉన్న పూల్ హాళ్లు రెండే కాబట్టి అదేమంత పెద్ద బిరుదు కాదనుకోండి. అయినా యాభై ఒకటో ఏట దొరికిన పేరు. ఆమెకు అది ముద్దుగానే ఉండేది.

అసలు ఆమె వచ్చింది ఊడ్చి తుడవడానికి. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. ముప్పై ఏళ్లు మగ్గం మీద కూర్చుంది. గిరాకీ పడిపోయి ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఆమెది ఆగిపోయింది, భర్త కుమారస్వామిది ఇంకా ఆడుతోంది. అదే వీధిలో పెరిగిన భానుచందర్ హన్మకొండ నయీంనగర్‌లో పూల్ హాల్ తెరిచి, "చిన్నమ్మా, నమ్మకమున్న మనిషి కావాలె, నువ్వొస్తవా?" అంటే వెళ్లింది. చిన్నమ్మ అన్నది వీధి వరుసే, రక్తసంబంధం ఏమీ లేదు. హాల్లో ఉన్నది ఒకటే పూల్ బల్ల, మూలన రెండు క్యారం బోర్డులు.

మొదటి వారం ఆమె బల్ల కింద దుమ్ము తుడుస్తూ ఊరుకుంది. తర్వాత ఊరుకోలేకపోయింది. ఆటగాళ్లు బంతులు పేర్చే తీరు చూస్తే ఆమెకు చేతులు దురద పెట్టేవి. త్రికోణాన్ని బల్ల మీద పడేసి, బంతులు అందులో గలగలా పోసి, అటోసారి ఇటోసారి జరిపి, విసురుగా ఎత్తేసేవాళ్లు. ఎత్తగానే ముందు వరుస ఒక దిక్కుకు, వెనక వరుస ఒక దిక్కుకు జరిగేవి.

"గిదేం పేర్చుడయ్యా! వదులు పడుగు మీద నేసినట్టు," అని ఒకరోజు చీపురు గోడకు ఆనించి తనే ముందుకొచ్చింది.

త్రికోణాన్ని నెమ్మదిగా ముందుకు జరిపి, తొలి బంతిని బల్ల మీద చుక్క పెట్టిన చోట నిలబెట్టింది. వెనక వరుస బంతుల వెనక నాలుగు వేళ్లు పెట్టి ముందుకు నొక్కింది. ఆ తర్వాత ఆటగాళ్లు కర్రతో కొట్టే తెల్లబంతిని చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క బంతి నెత్తిన రెండేసి దెబ్బలు వేసింది, టక్ టక్ అని. ఆ దెబ్బ ఆమెకు ఎవరూ నేర్పలేదు. జంపఖానా నేసేటప్పుడు అడ్డదారం వేసిన ప్రతిసారీ ఇనుప పళ్ల పంజాతో రెండు పోట్లు వేయాలి, లేకపోతే నేత వదులవుతుంది. చెయ్యి ఆ అలవాటును ఇక్కడికి మోసుకొచ్చింది. దెబ్బలయ్యాక త్రికోణాన్ని వెనక నుంచి మెల్లగా లేపింది. ఒక్క బంతి కదిలితే ఒట్టు.

ఆ రోజు వాటిని కొట్టింది మహిత. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి కూతురు, ఇక్కడ హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. చూడ్డానికి బక్కపల్చన, తొలి దెబ్బ మాత్రం పిడుగు. బంతులు పేలినట్టు చెదిరి, మూడు బల్ల అంచు పాకెట్లలో పడ్డాయి. మహిత కర్ర పట్టుకుని వెనక్కి తిరిగి, "ఆంటీ, మీకు ఎవరు నేర్పిండ్రు?" అంది. అప్పట్నుంచి బంతులు పేర్చడం విమలమ్మ పనైపోయింది. చీపురు పని కూడా ఆమెదే, కానీ దాన్ని ఎవరూ పొగడలేదు.

అలా ఏడు నెలలు హాయిగా గడిచాయి. ఎనిమిదో నెలలో బిగువు పోయింది.

"ఆంటీ, ఇక్కడ సందుంది," అంది మహిత ఒక రోజు, గడ్డం బల్లకు ఆనించి చూస్తూ.

"నేను పెట్టిన దాంట్ల సందా?" విమలమ్మకు కోపం వచ్చింది. వంగి చూసింది. నిజమే. తొలి బంతికీ దాని వెనక కుడి బంతికీ మధ్య సన్నటి వెలుతురు. మళ్లీ పేర్చింది. ఈసారి సందు ఎడమ పక్కకు వెళ్లింది. మూడోసారి పేరిస్తే నడుమ ఉన్న నల్లబంతి దగ్గర తేలింది.

"గింత సందుకు ఏమైతది బిడ్డా?"

"దెబ్బ ఆడ్నే సచ్చిపోతది ఆంటీ. అన్నీ తాకి ఉంటేనే జోరు ఒకదాంట్ల నుంచి ఒకదాంట్లకు పోతది. సందుంటే ముందటియి కదుల్తయి, వెనకటియి ఆడ్నే కూసుంటయి."

మహిత మంచి పిల్ల కాబట్టి మెల్లగా చెప్పింది. మిగతావాళ్లు అంత మంచివాళ్లు కాదు. వారం తిరిగేసరికి "ఆంటీ ర్యాక్ లూజు", అంటే పేర్పు వదులు, అన్న మాట హాలంతా పాకింది. సోమవారం పొద్దున భానుచందర్ ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు.

"చిన్నమ్మా, ఆదివారం పోటీ ఉన్నది. హైదరాబాద్ నుంచి గూడ వస్తాండ్లు. ర్యాక్ లూజని ఎవలన్న లొల్లి చేసిండ్రంటే మన హాల్ ఇజ్జత్ పోతది. మంచిగ పేర్చేటాయన నాకు తెలిసినాయన ఒకాయన ఉన్నడు, పిలిపిస్త. నువ్వు జర ఆరామ్ తీస్కో."

ఆరామ్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. మగ్గం ఆగినప్పుడు కూడా షావుకారు ఇలాగే ఆరామ్ తీసుకోమన్నాడు. మళ్లీ చీపురొక్కటే చేతిలో మిగులుతుంది.

"ఆదివారం దాంక ఆగు బిడ్డా. ఏడ తప్పున్నదో నేను దేవులాడ్త. దొరకకుంటే పిలిపించు," అంది.

ఆమె మొదట అనుమానించింది త్రికోణాన్ని. అది ప్లాస్టిక్‌ది. రెండు చేతులతో పట్టి వంచి చూస్తే మూలల దగ్గర లొంగింది. లొంగే చట్రంలో ఏది బిగుస్తుంది? భానుచందర్‌కు చూపిస్తే మర్నాటికి చెక్కది తెప్పించాడు. మందపాటి చెక్క, మూలలు గట్టిగా అతికి ఉన్నాయి, ఎంత వంచినా వంగలేదు. విమలమ్మ సంబరంగా పేర్చింది, నొక్కింది, టక్ టక్ మంది, లేపింది. పాత పెళ్లిపత్రిక మీది పల్చటి కాగితం చింపి సందుల్లోకి దూర్చి చూసింది. కాగితం సాఫీగా దూరిపోయింది.

"చెక్క మంచిదే, మరి ఏంది?" అని తనలో తనే అనుకుంది. కోపం పోయి ఇప్పుడు కుతూహలం పట్టుకుంది. ఇది వచ్చిందంటే విమలమ్మకు అన్నం మీద కూడా ధ్యాస ఉండదు, కుమారస్వామిని అడగండి కావాలంటే.

తర్వాత అనుమానం బంతుల మీదికి పోయింది. ఒకటి చిన్నదై ఉండొచ్చు. ఇంటి నుంచి నూలు కండె తెచ్చుకుని బుధవారం పొద్దున, హాల్ తెరవకముందే పని మొదలుపెట్టింది. ఒక్కో బంతికి నడుం చుట్టూ పది చుట్లు చుట్టడం, దారం ఒకేలా బిగుసుకునేందుకు చివర తాళంచెవుల గుత్తి వేలాడదీయడం, పెన్నుతో గుర్తు పెట్టి విప్పి పొడవు చూడటం. ఒక చుట్టులో కంటికి కనిపించని తేడా పది చుట్లలో కనిపిస్తుంది. నున్నటి బంతి మీద దారం జారుతుంది. మనలాంటి వాళ్లకు రెండో బంతికే తిక్క లేస్తుంది. ఆమె పదిహేనూ కొలిచింది, తెల్లదాన్ని కూడా వదల్లేదు. పదిహేను దారాలూ పక్కపక్కన పరిస్తే అన్నీ ఒక్క పొడవే. తెల్లదాని దారం మాత్రం చిటికెనవేలి గోరంత తక్కువ వచ్చింది. దాన్నే కదా అందరూ కొట్టేది, అరిగింది, పైగా అది త్రికోణంలో ఉండదు అనుకుని పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం మహిత ఒక కవరు పట్టుకొచ్చింది.

"ఆన్‌లైన్ల తెప్పించిన ఆంటీ. ఇప్పుడు పెద్ద పెద్ద పోటీలల్ల ఇదే వాడ్తాండ్లు."

తీసి చూస్తే ఎక్స్‌రే కాగితంలాంటి పల్చటి రేకు. దానికి వరుసగా కంతలు కోసి ఉన్నాయి. మహిత దాన్ని బల్ల మీద పరిచి, ఒక చేత్తో ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ, రెండో చేత్తో బంతులు ఒక్కొక్కటే వదిలింది. ప్రతి బంతీ తన కంతలోకి జారి పక్కదాన్ని ఆనుకుంది. నొక్కడం లేదు, ఎత్తడం లేదు. రేకు బంతుల కిందే ఉండిపోతుంది, తొలి దెబ్బ పడ్డాక తీసేస్తారు. విమలమ్మ పెళ్లిపత్రిక కాగితం తెచ్చి ప్రతి సందులో పెట్టి చూసింది. ఎక్కడా దూరలేదు.

"ఇదేం పేర్చుడు? చెయ్యి లేని పని," అంది ముఖం చిట్లించి.

భానుచందర్ ఆమె ముఖం చూసి నవ్వాడు. "నేను నిన్ను కాదని ఏం చెయ్య చిన్నమ్మా. మూడు ర్యాకులు ఉన్నయి. ప్లాస్టిక్‌ది, చెక్కది, ఈ రేకు. ఆదివారం ఏది పెట్టాల్నో శనివారం నువ్వే చెప్పు."

చెక్కదే పెట్టించాలని ఆమె అక్కడికక్కడే నిశ్చయించుకుంది. రేకు వస్తే ఇంక తనెందుకు? కానీ చెక్కతో బిగువు ఎందుకు రావడం లేదో తేలాలి.

గురువారం పొద్దున ఆమెకు ఒక చిత్రమైన ఆలోచన వచ్చింది. త్రికోణం మార్చింది, బంతులు కొలిచింది, మరి చోటు? ఎనిమిది నెలలుగా బంతులు పేర్చేది బల్లకు ఈ కొసనే. అవతలి కొసన ఎవరూ ఎప్పుడూ పేర్చలేదు. దారంతో కొలుచుకుని ఆ కొసన సరిగ్గా అదే చోటు గుర్తు పెట్టుకుంది. అదే చెక్క, అవే బంతులు, అదే చెయ్యి. పేర్చి, నొక్కి లేపింది. బిగువు చూద్దామన్న ఆత్రంలో ఈసారి దెబ్బలు వేయడం మరిచిపోయింది. కాగితం పెట్టి చూసింది. దూరలేదు. పదిహేను బంతుల్లో ఎక్కడా దూరలేదు.

తప్పు చోటులో ఉంది. ఆమె పాత కొసకు పరుగున వెళ్లింది. నేసిన గుడ్డలో తప్పు పట్టాలంటే వెలుతురు పై నుంచి పడకూడదు, పక్క నుంచి పడాలి. అది కొత్తవాడలో ఎవరికైనా తెలుసు. కిటికీ మూసి, ఫోన్ లైటు వేసి, ఫోన్‌ను బల్లకు పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీద అడ్డంగా పడుకోబెట్టి చూసింది.

గుంటలు. లోతు పెద్దగా లేదు, వెడల్పు శనగగింజంత. పదిహేను చోట్ల గుంపులు గుంపులుగా, ఒక్కో చోట రెండు మూడు ఒకదాని అంచు మీద ఒకటి పడి. త్రికోణం ప్రతిసారీ వెంట్రుకవాసి అటూ ఇటూ పడుతుంది, పడిన ప్రతిచోటా దెబ్బ పడింది. ఇప్పుడు బంతి పక్కదాన్ని ఆనుకోకుండా దగ్గర్లో ఉన్న గుంటలోకి జారుతోంది. నిన్న రేకు మీద పేర్చినప్పుడు కంతల అంచులు ఆపాయి కాబట్టే బిగువు నిలిచింది. ఆమె చూపు తెల్లబంతి మీద పడింది. దాని దారం ఎందుకు పొట్టిగా వచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. రోజుకు ఎన్నిసార్లు ఆ బంతితో టక్ టక్ మనిపించిందో లెక్కేలేదు. బిగువు కోసం తను వేసిన దెబ్బలే బిగువును తినేశాయి.

ఆ సాయంత్రం ఇంట్లో కుమారస్వామికి చెప్పింది. ఆయన మగ్గం ఆపి శ్రద్ధగా విన్నాడు.

"దెబ్బ పడ్తె గుడ్డ గట్టి పడాలె గాని గుంతలెట్ల పడ్తయే?" అన్నాడు. ఆయన అనుమానం ఆయనది.

"మన గుడ్డ దెబ్బ తింటెనే గుడ్డ. బల్ల మీదిది వేరే తీరు. దాని కింద రాతిపలక ఉంటది, బంతికి రాయికి నడుమ గుడ్డ నలుగుతది."

"అయితె ఆ కొసకు మార్చి ఊకో. చోటు బాగలేదను. ఎవలకు ఎర్క?"

నిజమే, ఎవరికీ తెలియదు. చోటు మారిస్తే బిగువు వస్తుంది, భానుచందర్ మెచ్చుకుంటాడు, పేర్చడానికి కొత్త మనిషి రానక్కర్లేదు. ఇకమీద దెబ్బలు వేయకుండా ఉంటే సరిపోతుంది. శుక్రవారం పొద్దున హాల్ తెరవకముందే అలాగే చేసి చూడాలనుకుంది. కొత్త కొసన ఇరవై సార్లు పేర్చింది. వద్దు వద్దనుకుంటూనే పద్నాలుగు సార్లు చెయ్యి తెల్లబంతిని వెతుక్కుని టక్ టక్ మంది. ఒకసారైతే బంతిని కొంగున ముడేసుకుంటే వేలి కణుపుతో కొట్టింది. ముప్పై ఏళ్ల చెయ్యి మాట వినడం లేదు. ఇంకో ఎనిమిది నెలలకు ఈ కొసన కూడా గుంటలు పడతాయి. అప్పుడు మార్చడానికి బల్లకు మూడో కొస ఉండదు.

శనివారం ఆమె మూడు ర్యాకులూ బల్ల మీద పెట్టి భానుచందర్‌ను పిలిచింది. చెక్క త్రికోణాన్ని ఒకసారి చేత్తో తడిమింది. నాలుక చివరిదాకా దాని పేరే వచ్చింది.

"రేకు పెట్టు బిడ్డా," అంది.

"గదేంది? నీకు అది నచ్చలే గదా?"

"నాకు నచ్చుడు కాదు. బల్లకు నచ్చాలె." ఫోన్ లైటు గుడ్డ మీద పడుకోబెట్టి గుంటలు చూపించింది. "ఇగో, ఇవన్నీ నా పనే. నేనే కొట్టి కొట్టి పాడు చేసిన. చోటు మార్చు, రేకు పెట్టు, నన్ను ర్యాక్ దిక్కు రానియ్యకు. నా చెయ్యి ఆగది."

భానుచందర్ చాలాసేపు వంగి చూశాడు. లేచినప్పుడు అతని ముఖం బాగాలేదు. "గుడ్డ మొత్తం మార్చాలె చిన్నమ్మా," అన్నాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. ఆ రోజంతా అతను ఆమెతో మాట్లాడలేదు.

ఆదివారం ఇరవై మందికి పైగా వచ్చారు. బల్ల చుక్క కొత్త కొసకు మారింది, దాని మీద రేకు పరిచారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన వంగి, కన్ను చిట్లించి సందులు వెతికి, తల ఊపాడు. "మస్తుంది. ఎవరు పెట్టారు?"

"ఎవరన్న పెట్టొచ్చు అన్నా, రేకు గదా," అంది మహిత.

విమలమ్మ విన్నది. ఆట ఆటకూ ఎవరి బంతులు వాళ్లే పేర్చుకున్నారు. పొద్దున్నుంచి ఆమెను ఎవరూ పిలవలేదు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. మధ్యాహ్నం భానుచందర్ దగ్గరికొచ్చాడు, మొహంలో కోపం తగ్గింది.

"ఒక్క లొల్లి గాలే చిన్నమ్మా."

"మంచిదే గదా బిడ్డా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆమె దాచుకోలేదు. అతను అందరికీ బిర్యానీ చూడాలని మెట్లు దిగి కిందికి పోయాడు. అందరూ అతని వెంట దిగారు.

మహిత ఒక్కతే మిగిలింది. "ఓడిపోయిన ఆంటీ," అంది బెంచీ మీద కూర్చుని.

"ర్యాక్ మంచిగనే ఉండె గదా?"

"ర్యాక్ మంచిగనే ఉండె. నేనే మంచిగ లేను." ఇద్దరూ నవ్వారు. మహిత అడిగింది, "మీరు ఒక్కసారన్న కొట్టిండ్రా ఆంటీ?"

"నేనా? పెట్టుడే నా పని."

"ఇయ్యాల ఆ పని లేదు గదా."

మహిత రేకు సరిచేసి బంతులు పేర్చి, కర్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఎలా పట్టుకోవాలో చూపించింది. మొదటి దెబ్బకు కర్ర జారి తెల్లబంతి నాలుగు వేళ్ల దూరం కదిలి ఆగిపోయింది. విమలమ్మకు సిగ్గేసింది, అంతలోనే ఇది ఎందుకు జారిందా అన్న కుతూహలం సిగ్గును నెట్టేసింది. కర్ర కొస చూసింది, తన బొటనవేలి మెలిక చూసింది, కాలు కొంచెం వెనక్కి వేసింది. ఈసారి ఊపిరి బిగబట్టి గట్టిగా కొట్టింది.

ఆ చప్పుడు ఆమె రోజూ వినేదే. కానీ అది మోచేతి దాకా వచ్చి జుమ్మనడం మొదటిసారి. బంతులు నలుదిక్కులకూ పరుగెత్తాయి, బల్ల అంచులకు తగిలి తిరిగొచ్చాయి, ఒక ఎర్రది మూల పాకెట్‌లో పడింది. బతుకంతా బిగించిన చెయ్యి అది, చెదరగొట్టడం దానికి తెలియదు. ఆమె నోరు తెరుచుకుని చూసింది, ఆ తర్వాత చిన్నపిల్లలా నవ్వింది, అంతలోనే కోపం కూడా వచ్చింది.

"ఇది గింత మంచిగుంటదా? ఎనిమిది నెలల సంది మీరొక్కలే కొట్టుకుంటాన్రా?"

భానుచందర్ బిర్యానీ పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "చిన్నమ్మా, ఏం చేస్తానవ్?"

విమలమ్మ వెనక్కి తిరగలేదు. "వెలుతురుకు అడ్డమున్నవ్, జర జరుగు భానూ," అంది. "మహితా, పెట్టు బిడ్డా, ఇంకోసారి."